ఇంట్లో ఓటర్లు ఇద్దరే

ఆ ఇంట్లో భోజనాల బల్ల మీద ఎవరూ భోజనం చేసి ఇరవై ఏళ్లయింది. బల్ల నిండా చెప్పుల పెట్టెలు, పెట్టెల నిండా అట్టముక్కలు, ఒక్కో అట్టముక్క మీద ఒక్కో ఆడమనిషి పేరు. ఇంటివాళ్లు కంచాలు ఒళ్లో పెట్టుకుని తినడానికి ఎప్పుడో అలవాటుపడిపోయారు.

ఇంటావిడ చరిత్రకారిణి. వీధిలో అందరికీ ప్రొఫెసరమ్మ. ఆడవాళ్లకు ఓటు వచ్చిన తొలి ఏడు, పేరు చెప్పమంటే సిగ్గుపడి "ఫలానా ఆయన భార్యని" అని ఊరుకున్నందుకు వేలమంది స్త్రీలను జాబితాలోంచి కొట్టేశారు. వాళ్ల అసలు పేర్లు వెతికి పట్టుకోవడమే ఆమె జీవితకాలపు పని. పాత సర్కారు కచేరీల దుమ్ము మింగింది, ఆసుపత్రుల రిజిస్టర్లు తిరగేసింది, ముసలమ్మల ముందు టేపు రికార్డరు పెట్టుకుని గంటలకొద్దీ కూర్చుంది. నాలుగు వేల పైచిలుకు పేర్లు దొరికాయి. మూడు పుస్తకాలు వచ్చాయి, నాలుగోది చివరి అధ్యాయంలో ఉంది. ఇంత చేసిన మనిషిని తప్పు పట్టడానికి ఎవరికైనా నోరు రాదు. అయినా జరిగింది చెప్పక తప్పదు.

ఆ ఇంట్లో ఇంకొకావిడ ఉంది. ప్రొఫెసరమ్మకు వదిన, పోయిన అన్నగారి భార్య. మరదలి మొదటి కాన్పుకు సాయంగా మూడు నెలలుండి వెళదామని వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు ఉండిపోయింది. ఇంటిల్లిపాదికీ వండి పెట్టింది, పిల్లలిద్దర్నీ పెంచి పెద్దచేసి, పై ఊళ్లకు చదువులకు పంపింది. నాలుగు అక్షరాలు వచ్చు గనుక ఆ అట్టముక్కలను వరసలో సర్దేది కూడా ఆవిడే.

"వదినా, ఆ కుట్టుమిషనావిడ కార్డు కనిపించి చావట్లేదు!"

"మూడో పెట్టె, వెనకవైపు చూడు. ఆవిడకి రెండు పేర్లున్నాయిగా, రెండోదాని కింద పెట్టాను. ముందా కాఫీ తాగు, చల్లారిపోతోంది."

ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. వీధిలో పెద్దవయసు ఆడవాళ్లందరినీ వాళ్ల మొదటి ఓటు గురించి అడిగి, ఆ కబుర్లతో పుస్తకం ముగించాలని ప్రొఫెసరమ్మ ఆలోచన. చివరగా పక్కింటి టీచరమ్మ వంతు వచ్చింది. ఆవిడ చెప్పాల్సిందంతా చెప్పి, "మీ వదినగారినడిగారా?" అంది.

"మా వదినా? ఇంట్లో మనిషేగా, ఎప్పుడైనా అడగొచ్చు" అని నవ్వేసింది ప్రొఫెసరమ్మ.

ఇంటికొచ్చాక సరదాకే అడిగింది. వదిన పీట మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"వదినా, నువ్వు మొదటిసారి ఓటెప్పుడేశావు?"

"నేనెప్పుడేశాను తల్లీ?"

"అదేంటి? ఒక్కసారి కూడానా?"

"జాబితాలో ఉంటేగా. ఇక్కడికి రాకముందు ఎవరూ రాయించలేదు." వదిన చాకు ఆపలేదు. "జాబితా రాసేవాడు ఇంటికొచ్చినప్పుడు నేను వంటింట్లో వాడికే టీ పెడుతున్నా. ఇంట్లో ఓటర్లెంతమందమ్మా అన్నాడు. ఇద్దరమే అన్నావు. నువ్వూ, మీ ఆయనా. ఆ తర్వాత వచ్చినవాళ్లకీ అంతే చెప్పావు."

"మరి నువ్వొచ్చి చెప్పొద్దూ?"

"ఏమని చెప్పను? ఇంటావిడవి, నువ్వే ఇద్దరమన్నాక, టీ గ్లాసు పట్టుకొచ్చి నేనూ ఉన్నాను బాబూ అనాలా? చిన్నతనంగా అనిపించింది. రానురాను అలవాటైపోయింది."

ప్రొఫెసరమ్మకు ఆ మాట అన్నట్టే గుర్తులేదు. ఏదో ఊరికి ప్రయాణమవుతూ, సంచి సర్దుకుంటూ, హడావిడిలో అనుంటుంది. పోలింగు రోజుల్లో తెల్లారకముందే టేపు రికార్డరు భుజాన వేసుకుని వెళ్లిపోయేది. ఇంట్లో పిల్లలుండేవాళ్లు, వాళ్ల దగ్గర వదిన ఉండేది. వదిన ఓటు వేసిందా అని అడగాలని ఒక్కసారి కూడా తోచలేదు.

"వెయ్యాలని లేదా నీకు?"

ఈసారి చాకు ఆగింది. "ఆ నాలుగువేలమందీ నాకు కంఠతా వచ్చు. ఎవరు ఏడ్చారో, ఎవరు మొగుడితో దెబ్బలాడి మరీ వెళ్లారో, అన్నీ నా చేత్తో సర్దినవే. అవన్నీ చదివినదానికి ఉండదా ఏంటి? ఒక్కసారి వెయ్యాలనుంది. డాక్టరు మొహం చూస్తే, పై ఎన్నికల దాకా ఈ గుండె పనిచేసేట్టు లేదు."

మర్నాడే ప్రొఫెసరమ్మ ఎన్నికల కార్యాలయానికి పరుగెత్తింది. పేర్లు చేర్చుకోవడానికి ఇంకా ఐదు రోజులే గడువు. గుమాస్తా ఆమెను గుర్తుపట్టి కుర్చీ వేశాడు, దరఖాస్తు తీసుకున్నాడు. ఆవిడ ఆ చిరునామాలో ఉంటున్నట్టు ఏదైనా కాగితం కావాలన్నాడు.

కాగితం ఎక్కడిది? ఇల్లు ప్రొఫెసరమ్మ పేరున, నీళ్లూ కరెంటూ భర్త పేరున, రేషను కార్డులో వాళ్లిద్దరూ పిల్లలే. వదిన బడి పత్రం పుట్టింట్లో ఎప్పుడో చెదలు తినేసింది, ఆ పుట్టింట్లో ఇప్పుడెవరూ మిగల్లేదు. తరాల కిందటి ఆడవాళ్లకు ఆధారాలు తవ్వితీసిన మనిషి మూడు రోజులపాటు తన ఇల్లంతా గాలించింది. ముప్పై ఒక్క ఏళ్లు ఆ ఇంటిని మోసినావిడ పేరున, ఆ చిరునామాతో ఒక్క చీటీ దొరకలేదు.

నాలుగో రోజు, "నేనే రాసిస్తాను. మా వదిన మా ఇంట్లోనే ఉంటోందని నా సంతకం చాలదా?" అని బతిమాలింది.

గుమాస్తా ఇబ్బందిగా బీరువా తెరిచి పాత ఫారాలు తెచ్చి ముందు పెట్టాడు. ఐదు. ప్రతిదాని మీదా ఇంట్లో అర్హులైనవారు ఇద్దరే, వేరెవరూ లేరు అని ఉంది. కింద సంతకం ఆమెదే.

"ఇవన్నీ మీరే పెట్టారు కదమ్మా. ఇప్పుడేమో ఉందంటున్నారు. ఏ సంతకం నమ్మమంటారు, మీరే చెప్పండి."

ఆమె ఆ ఫారాలు ఒక్కొక్కటే తిరగేసింది. ఏ దస్తావేజు చూసినా ముందు అనుమానించండి, రాసినప్పుడు ఆ గదిలో ఉండి కూడా అందులోకి ఎక్కనివాళ్లెవరో అడగండి అని ముప్పై ఏళ్లు శిష్యులకు నూరిపోసింది. ఇప్పుడా దస్తావేజు రాసింది తానే. దరఖాస్తును వచ్చే జాబితా సవరణలో విచారిస్తామని గుమాస్తా పైన రాసి పక్కన పెట్టాడు. వచ్చే సవరణ అంటే ఎన్నికలు అయిపోయాక.

పోలింగు రోజున వదిన ఉతికిన బట్టలు కట్టుకుని తయారైంది. చివరి నిమిషంలో ఎక్కించి ఉంటారేమోనని ఆశ. బడి వరండాలో ఆడవాళ్ల వరసలో గంటంబావు నిలబడింది. మధ్యలో ఆయాసం వస్తే గోడకానుకుంది గాని చోటు వదల్లేదు. లోపల అధికారి మంచివాడే, జాబితా రెండుసార్లు వెతికాడు.

"పేరు లేదమ్మా."

వదిన తలూపింది. "పోన్లే నాయనా, నువ్వేం చేస్తావు?" అని మరదలి వైపు తిరిగింది. "నువ్వు వేసి రా. నేనలా నీడలో కూర్చుంటా."

ప్రొఫెసరమ్మ ఓటు వేసి బయటికొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆ సిరా మరకను పిడికిట్లో దాచుకుంది. వదిన ఇంటికెళ్లేదాకా రాత్రి వంటకి ఏం చెయ్యాలో మాట్లాడింది. ఆవిడ ఒక్క మాట తిట్టినా బాగుండేదని ప్రొఫెసరమ్మ తర్వాత ఎన్నోసార్లు ఏడ్చింది.

రెండు నెలలకు వదిన నిద్రలోనే పోయింది. మరణం నమోదు చేయించడానికి వెళితే అక్కడి ఉద్యోగి డాక్టరు చీటీ చూసి, పూర్తి పేరు, చిరునామా అడిగి రాసుకుని, ఇక్కడ సంతకం పెట్టండన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఉందంటే చెల్లని సంతకం పోయిందంటే చెల్లింది. ఆవిడ ఆ ఇంట్లో ఉండేదని ప్రభుత్వ ముద్రతో వచ్చిన మొదటి కాగితం ఆవిడ మరణ పత్రమే.

నాలుగో పుస్తకం సభకు హాలు నిండిపోయింది. పొగడ్తలయ్యాక ప్రొఫెసరమ్మ లేచి, వదిన కథ దాచకుండా చెప్పింది. 

"పేర్లు కొట్టేసిన గుమాస్తాల మీద నేను నాలుగు పుస్తకాలు రాశాను. వాళ్లు కొట్టేసింది ముక్కూమొహం తెలియని ఆడవాళ్లని. నేను కొట్టేసింది నాకు అన్నం పెట్టిన మనిషిని. అందుకు నాకు ద్వేషం అక్కర్లేకపోయింది, దురుద్దేశం అక్కర్లేకపోయింది. ఆవిడ ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుందన్న ధీమా చాలింది. మీరీ సభకి తీరిగ్గా రావడం కోసం ఇవాళ ఎవరో ఒకరు ఇంట్లో ఆగిపోయి ఉంటారు. నా పుస్తకం రేపైనా చదవొచ్చు. ముందు ఇంటికెళ్లి ఆ మనిషి పేరు జాబితాలో ఉందో లేదో చూడండి. పోయాక ఎన్ని పుస్తకాల్లోకెక్కించినా, బతికుండగా ఒక్కచోట రాయని పేరుకి అది న్యాయం కాదు."