సీసం పోసిన రోజు

మేస్త్రి అరచేత్తో సీసపు రెక్కను తడిమి, రంగు ఆరిందని తృప్తిపడి, పడవను నీళ్లలోకి దించమని క్రేను మనిషికి చెయ్యూపాడు. పొట్టి మనిషి, వంగిన వెన్ను, మోచేతుల దాకా సీసం చిందిన మచ్చలు. ఈ షికారు పడవల షెడ్డులోనే తల నెరిసింది. మిగతా పడవలంటే ఆయనకు చిన్నచూపు. గాలి ఒక పక్కకు తోస్తే ఎక్కినవాళ్లు రెండో పక్కకు ఎగబడాలి, లేదంటే మునకే. అదీ ఒక పడవేనా? ఈ తెరచాప పడవకు అడుగున రెక్కలో సీసం ఉంటుంది. ఎంత ఒరిగినా ఆ బరువే లేపి నిలబెడుతుంది.

దీనికి సీసం కరిగించి పోసింది మాత్రం తనతో పాటే షెడ్డులో పనిచేసే బావమరిది. ఆ రోజు మేస్త్రికి ఒళ్లు వెచ్చగా ఉందంటూ భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూసి, గడప దాటనివ్వలేదు. జావ కాచి, పక్కనే కూర్చుని తాగించింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె అంత ముద్దు చెయ్యడం ఆయన ఎరగడు. తలచుకుంటే ఇప్పటికీ ముసిముసి నవ్వు వస్తుంది.

పడవ నీళ్లలో దిగింది. మునగాల్సిన గీత నాలుగు వేళ్లు పైనే ఉండిపోయింది. బరువు చాలలేదని మేస్త్రికి అర్థమైంది. తెరచాప కొయ్య చివరకు తాడు కట్టించి, పక్కకు బాగా వంచి వదిలించాడు. పడవ లేవలేదు, బద్ధకస్తుడిలా అలాగే పడుకుంది.

పైకి తీయించి రెక్కకు డ్రిల్లు పెట్టాడు. మెరిసే సీసపు తురుముకు బదులు, పైపొర దాటగానే సిమెంటు పొడి రాలింది.

"సీసం ఏదిరా?" అంటూ పక్కనే ఉన్న బావమరిది వైపు తిరిగాడు.

"అమ్మేశాను బావా. నీళ్లలో ఉండేదాన్ని ఎవరు చూస్తారులే అనుకున్నా."

"పిల్లాజెల్లా ఎక్కే పడవరా ఇది! నేను లేని రోజు చూసి దెబ్బ కొట్టావు."

బావమరిది తల దించుకున్నాడు. "ఆ రోజు నీకు జ్వరమేం లేదు బావా. అక్కే నిన్ను ఆపింది."

బావమరిది చేసిన దొంగతనాన్ని మేస్త్రి ఎప్పటికైనా మరిచిపోయేవాడేమో. నుదుటి మీది ఆ చెయ్యి కూడా మోసమేనా?

బావమరిది చెప్పులేసుకుని గేటు దాటి వెళ్లిపోయాడు. మేస్త్రి పిలవలేదు. యజమానికి ఉన్నదున్నట్టు చెప్పి, రెక్క బోల్టులు విప్పుతూ కూర్చున్నాడు. పొద్దు వాలినా ఇంటికి పోవడానికి కాళ్లు రాలేదు.

బల్ల మీద బావమరిది అన్నం మూట ఉండిపోయింది. పొద్దున భార్య ఒకే పాత తువ్వాలును రెండుగా చింపి ఇద్దరికీ కట్టిన వాటిలో అదొకటి, ముడి ఇంకా విప్పలేదు.