పచ్చదారం కట్టిన పెన్‌డ్రైవ్

ర్యామ్ ముక్కను ఊడదీసి, దాని అంచున వరసగా ఉన్న ఇత్తడిరంగు పళ్ళను బడేసాహెబ్ పెన్సిల్ రబ్బరుతో రుద్దుతున్నాడు. ఏ కంప్యూటర్ విప్పినా ఆయన మొదట చేసే పని ఇదే. రొయ్యల గుంటల మీదుగా వచ్చే ఉప్పుగాలి ఇనుమును తింటుంది, రాగిని పచ్చబరుస్తుంది. రబ్బరు పొట్టును ఊది, ముక్కను వెలుతురుకు ఎత్తి చూశాడు. కళ్ళజోడు కాడ విరిగినచోట సోల్డరింగ్ తీగ చుట్టి ఉంది. ఏళ్ళ తరబడి సోల్డరింగ్ వేడి తగిలి చేతివేళ్ళ కొసలు మొద్దుబారాయి.

కోట బజారులో ఆయన దుకాణం. ముందు రేడియోలు, తర్వాత టీవీలు, ఇప్పుడు కంప్యూటర్లు. సరుకు మారినప్పుడల్లా ఆయనా మారాడు. మారనివాళ్ళ షట్టర్లు ఒక్కొక్కటే దిగిపోవడం కళ్ళారా చూశాడు. పెద్దగా మిగిలిందేమీ లేదు గానీ, బడేసాహెబ్ చెయ్యి పడితే మళ్ళీ చూసుకోనక్కర్లేదన్న మాట మాత్రం మిగిలింది. దుకాణంలో అసలు సరుకు అదే. మూడోసారి రిపేరుకు వచ్చిన ఈ ఇంట్లో ఆ సరుకు అయిపోవస్తోంది.

"ఏం సాయిబూ, మళ్ళీ వచ్చినావా?" వసారాలో చింతపండు గింజలు తీస్తున్న ఆదిశేషమ్మ అడిగింది. "నీ వైద్యం దిష్టి తీసినట్టుండాది. నువ్వు గడప దాటేదాకా బాగుంటది, ఆనక మళ్ళీ మొదలు."

"ఈసారి దాని అంతు చూసే పోతానమ్మా."

"పోయినసారీ ఇదే జెప్పినావు. ఎవురంతు ఎవురు చూసినారో మరి!"

"ఊరుకో అత్తా," అంది కోడలు రేవతి. గుంటల యజమానుల లెక్కలన్నీ ఇంట్లో కూర్చుని రాసిపెట్టేది ఆమే. "బాయ్, మా కాడి నుంచి వచ్చే మెయిల్ తెరవబాకండని రొయ్యల కంపెనీవాళ్ళు అందరికీ చెప్పినారంట. ఇంకోసారి తిరగబెడితే ఈ పెట్టెను నెల్లూరుకు ఎత్తుకపోవాల్సిందే. గుంటలోళ్ళందరూ అదే మాటంటా వుండారు."

గుంటలోళ్ళు పోతే తన ఖాతాదారుల్లో సగంమంది పోయినట్టే. బడేసాహెబ్ తల ఊపి ముక్కను బిగించి స్విచ్ వేశాడు. తెర వెలిగీ వెలగకముందే పేకాట ప్రకటనలు ఒకదాని మీద ఒకటి పరుచుకున్నాయి. మౌసు బాణం తనంతట తానే జరిగింది. పోయినసారి వదిలించింది ఈ జబ్బునే. అంతకుముందుసారి కూడా ఇదే.

వైరస్‌ను పట్టే ప్రోగ్రాం నడిపించాడు. పచ్చగీత నత్తలా కదలడం మొదలైంది. ఇక చాలాసేపు పనేమీ ఉండదు. అలవాటు కొద్దీ చొక్కాజేబులోంచి పచ్చదారం కట్టిన పెన్‌డ్రైవ్ తీసి గుచ్చాడు, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు.

ఆ దారం కూతురు షాహిస్తా కట్టింది. నెల్లూరులో హాస్టల్లో ఉండి కంప్యూటర్ చదివేటప్పుడు ఆ పిల్ల ఒక చిన్న ప్రోగ్రాం రాసి అందులో పెట్టి ఇచ్చింది. తెరిస్తే పిల్ల గొంతు పలుకుతుంది. "నాయనా, తిన్నావా?" కింద రెండు మీటలు, 'తిన్నా' అనీ, 'లేదు' అనీ. ఆయన ఎప్పుడూ 'తిన్నా' నొక్కుతాడు. "అబద్ధం! నీ మొహం చూస్తే తెలియదా నాకు?" అని నవ్వుతుంది. అంతే. మోపెడ్‌కు తగిలించిన టిఫిన్ డబ్బా నిజంగానే మూత తీయకుండా ఉంటుంది. 'లేదు' మీట మాత్రం ఇంతవరకూ నొక్కలేదు. హాస్టల్లో ఉన్న పిల్లతో తినలేదని ఏ తండ్రి చెబుతాడు? తర్వాత తర్వాత ఆ మీట అమ్మకుండా లోపల దాచుకున్న సరుకు లాంటిదైంది.

వైరస్‌లు పట్టే ప్రోగ్రాం ఒకసారి దాన్ని దొంగ అనుకుని పట్టుకుంది. కాలేజీపిల్ల రాసింది, ఏ కంపెనీ పేరూ లేనిది, అనుమానించక ఏం చేస్తుందనుకున్నాడు. ఆనాటి నుంచి ఏ ఇంట్లోనైనా ముందుగా ఆ డ్రైవ్ జోలికి పోవద్దని ఆ ప్రోగ్రాంకు గుర్తు పెట్టడం ఆయన పద్ధతి.

ఆ గుర్తు పెట్టబోతుండగా రేవతి వచ్చి పక్కన టీ గ్లాసు పెట్టింది.

"ఒక మాట బాయ్. పోయినసారి మీరు పోయినాక నిన్నటిదాకా నేను స్విచ్ గూడా వెయ్యలేదు. ఇంటర్నెట్ వైరు పీకేసి, తువ్వాలు కప్పి పెట్టినా. నిన్న వేసీ వెయ్యంగానే మళ్ళీ అదే. మరి యాడి నుంచి వచ్చినట్టు?"

ఆయన చెయ్యి ఆగింది. తాళం వేసిన కొట్లో సరుకు చెడితే, తాళం వెయ్యకముందు లోపలికి ఎవరొచ్చారో చూడాలి. వచ్చింది తనే. తనతో వచ్చింది ఈ పచ్చదారమే.

గుర్తు పెట్టలేదు. పచ్చగీత ఈసారి పెన్‌డ్రైవ్ మీదుగా నడిచింది. ఎర్రటి వరస ఒక్కటే వచ్చింది. అందులో ఈ కంప్యూటర్‌కు పట్టిన జబ్బు పేరు పక్కనే కూతురి పేరుంది.

పిల్ల ఇచ్చినప్పుడు అది శుభ్రంగానే ఉంది. ఎవరింట్లోనో జబ్బు దానికి అంటుకుంది. శుభ్రం చేసిన ప్రతి ఇంట్లో దాన్ని తెరిచి, నయమైన కంప్యూటర్‌కు మళ్ళీ అంటించి వచ్చాడు. ఎన్ని గడపలు తొక్కాడో లెక్కపెట్టబోయి మధ్యలో వదిలేశాడు.

నకలు తీసి, నకలును బాగుచేయించి చూశాడు. జబ్బు వదిలింది, నకలు తెరుచుకోలేదు. పిల్ల రాసినదాన్ని అది లోపల్లోపలే కొరికేసింది.

"దొరికిందా బాయ్?"

"దొరికిందమ్మా. నేనే మోసుకొచ్చినా."

హెడ్‌ఫోన్ తీసేసి సంగతంతా చెప్పాడు. "ఫోన్‌లోకి పట్టుకోండి బాయ్ ఆ గొంతును," అంది రేవతి.

"గొంతు వస్తదమ్మా. అడిగేది రాదు."

దీన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే? ఉంటే తెరవకుండా ఉండలేడు. తన సంగతి తనకు తెలుసు. తర్వాత మళ్ళీ అంతా శుభ్రం చేసుకోవాలని తెలిసే, హెడ్‌ఫోన్ మళ్ళీ తగిలించుకుని ఆఖరిసారి తెరిచాడు.

"నాయనా, తిన్నావా?"

మొద్దుబారిన వేలు 'లేదు' మీద పడింది.

"అట్టయితే ఆ పని ఆడ పడేసి ఇంటికి రా నాయనా. నేను గూడా తినకుండా కూర్చోనుండా."

కిటికీ అవతల గుంటల్లో రొయ్యలకు గాలి అందించే చక్రాలు నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ ప్రోగ్రాం ఇచ్చిన వానాకాలంలోనే, నెల్లూరు ఆస్పత్రిలో, జ్వరంతో షాహిస్తా పోయింది. పిల్లకు ఎక్కువైందని ఫోను వచ్చినప్పుడు ఆయన ఎవరింట్లోనో విప్పిన పెట్టె ముందు ఉన్నాడు. స్క్రూలు బిగించి పోదామని ఆగాడు.

తీసెయ్యమని నొక్కాడు. నిజంగానేనా అని అది అడిగింది. అవునన్నాడు.

కంప్యూటర్ అంతా మళ్ళీ మొదటినుంచి తుడిచి, ఒక్క ఎర్రవరసా లేదని రేవతికి చూపించాడు. "మిగతా ఇళ్ళకు గూడా పొయ్యి నేనే చెప్పి, బాగుచేసి వస్తా. అయినా నా మీద నమ్మకం లేక నెల్లూరుకు పోయేవాళ్ళను ఆపబాక తల్లీ," అని సంచి భుజాన వేసుకున్నాడు.

వసారాలో ఆదిశేషమ్మ ఈసారి ఎకసెక్కమాడలేదు. మొహంలోకి చూసి, "పొద్దు వాలింది సాయిబూ. తిన్నావా?" అంది.

తిన్నానని నోటిదాకా వచ్చింది.

"లేదమ్మా," అన్నాడు. "ఇంటికి పోతా."

మోపెడ్ చప్పుడు గుంటల గట్టు దాటాక గాని రేవతి చూసుకోలేదు. పెన్‌డ్రైవ్ ఇంకా కంప్యూటర్‌కే ఉంది. ఖాళీదే, దాని చిన్న దీపం మాత్రం వెలుగుతోంది, ఫ్యాను గాలికి పచ్చదారం కొస కదులుతోంది.