తొమ్మిదో తారీఖు మెయిల్

నేను ఒక నల్లటి ఇనుప పెట్టెను. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లోని ఒక కంప్యూటర్ కొట్టులో, పాతవీ కొత్తవీ భాగాలు కలిపి నన్ను బిగించారు. మొదట ఒక ట్యూషన్ సెంటర్లో పిల్లల మార్కులు అచ్చేశాను. అది మూతపడ్డాక పోర్టు దగ్గర రెండో అంతస్తులో ఉన్న ఐదుగురి ఆఫీసుకు మెయిల్ సర్వర్‌గా వచ్చాను. ఓడల మీద పనికి మనుషుల్ని పంపే ఆఫీసు అది. యజమాని రఘునాథరాజు గారు ఒకప్పుడు ఓడల్లో అధికారిగా పనిచేసినవారు. ఉత్తరప్రత్యుత్తరాలన్నీ చూసేది నూకరత్నం.

నన్ను అమర్చడానికి వచ్చిన మెకానిక్ సగం రోజు పనిచేసి వెళ్లిపోయాడు. మిగతాదంతా నూకరత్నమే ఒక నోట్‌బుక్కులో రాసుకుంటూ నేర్చుకుంది. మొదటి మూడు వారాలు నేను పంపిన మెయిళ్లు అవతలివాళ్ల స్పామ్‌లో పడేవి. మా ఆఫీసు పేరు కొత్తది, అందుకని ఎవరి సర్వరూ మమ్మల్ని నమ్మలేదు. ఆమె ఇంటర్నెట్ కంపెనీకి రోజూ ఫోన్ చేసి, బతిమాలి, దెబ్బలాడి, మా చిరునామాను సరిగ్గా నమోదు చేయించింది. మొదటిసారి ముంబయి నుంచి జవాబు వచ్చిన రోజు అందరికీ టీ తెప్పించింది.

తర్వాత లాటరీ తగిలిందనీ, అప్పు ఇస్తామనీ మెయిళ్లు వచ్చిపడ్డాయి. "రత్నం, ఈ చెత్త నాకు కనబడకూడదమ్మా" అన్నారు రాజుగారు. ఆమె నాకు ఒక జల్లెడ పెట్టింది. తెలియని చిరునామా, విషయం రాయని మెయిల్, అర్థంకాని భాష, ఇలాంటివి పక్కన పడేయాలి. చెప్పింది చెప్పినట్టు చేయడమే నాకు తెలుసు.

జూలై తొమ్మిదిన పొద్దున పదకొండు నలభైకి ఒక మెయిల్ వచ్చింది. ఏదో ఓడ చిరునామా. విషయం దగ్గర ఏమీ లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. పక్కన పడేశాను.

పద్దెనిమిదిన ఇంకో మెయిల్ వచ్చింది. ఇది ఓడ కంపెనీది, విషయం స్పష్టంగా ఉంది. మా ఆఫీసు ఓడ మీదికి పంపిన వంటవాడు కొర్లయ్య గుండె ఆగి చనిపోయాడు. దీన్ని క్షణంలో నూకరత్నం ముందు పెట్టాను.

అంతకుముందు ఒంట్లో బాగోలేదని అతను ఏమైనా చెప్పాడా అని కంపెనీ అడిగింది. చెప్పలేదని నూకరత్నం జవాబు రాసింది. అప్పటికి ఆమెకు తెలిసిన నిజం అదే.

కొర్లయ్య భార్య పోలమ్మ, ఓడ నుంచి ఆఫీసుకు చేరిన అతని సామాన్ల పెట్టె తీసుకెళ్లడానికి పూడిమడక నుంచి వచ్చింది. ఏడవలేదు.

"ఒంట్లో బాగోలేదని ఒక్క ముక్కయినా రాయనేదా అమ్మా?"

"రాయలేదక్కా."

"అయితే అందరికాడా దాసీసాడన్నమాట" అని పెట్టె నెత్తిన పెట్టుకుని మెట్లు దిగింది.

నాలుగు రోజులకు ఎవరో ఫోన్ చేసి, తాము పంపిన మెయిల్ చూశారా అని అడిగారు. వెతుకుతూ నూకరత్నం స్పామ్ తెరిచింది. తొమ్మిదో తారీఖుది కనబడింది. చదివింది.  ఫ్యాను తిరుగుతోంది. పక్క టేబుల్ ఆయన స్టేప్లర్ అడిగితే తీసి ఇచ్చింది.

రాజుగారు కూడా చదివారు. 

"తీసెయ్ రత్నం. పోయినవాడు తిరిగి రాడు. ఇది బయటపడితే కంపెనీ మనల్ని వదిలేస్తుంది. ఐదుగురం రోడ్డున పడతాం."

నూకరత్నం మధ్యాహ్నం క్యారేజీ విప్పి పెరుగన్నం మొత్తం తినేసింది. చేతులు కడుక్కుని వచ్చి కంపెనీకి రాసింది: 'ముందు రాసింది తప్పు. కొర్లయ్య మెయిల్ తొమ్మిదిన మాకు అందింది. నేను చూడలేదు.' కొర్లయ్య మెయిల్‌ను దానికి జతచేసి, కింద తన పేరు పెట్టి, పంపమని నొక్కింది. రెండు సెకన్లలో పంపాను. పోలమ్మకు కబురు పెట్టింది.

పోలమ్మ మర్నాడు వచ్చి, నా పక్కనే స్టూలు మీద కూర్చుంది. చదువు రాదు. నూకరత్నం అచ్చు తీసిన కాగితం చూసి చదివింది.

"మేడంగారూ, నాకు రొమ్ము బరువుగా ఉంటంది. కెప్టెన్‌గారు గేస్ అంటన్నారు. వచ్చే రేవులో దింపీమని మీరు చెప్పండి. ఇంట్లో చెప్పొద్దు, అది కంగారు పడతాది. కొర్లయ్య."

"మల్లీ సదువు."

మళ్లీ చదివింది.

"ఆ రోజు నువ్వు సూసుంటే?"

"దింపించేదాన్నక్కా."

పోలమ్మ తిట్టలేదు. ఓదార్చనూ లేదు. కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి, జాకెట్లో దోపుకుంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

"దాసీసాడని ఆడి మీద కోపంగుండాను. అయిదు దినాలనుంచి దీపం కూడా పెట్టనేదు" అని వెళ్లిపోయింది.

రాజుగారు అన్నట్టే కంపెనీ మమ్మల్ని వదిలేసింది. ముగ్గురు వేరే పనులు వెతుక్కున్నారు. నూకరత్నాన్ని ఆయన పొమ్మనలేదు, కాని ఇద్దరి మధ్యా పనిమాటలే మిగిలాయి. ఆమె జల్లెడ తీసేసింది. రోజుకు మూడు నాలుగు వందల మెయిళ్లు కలగాపులగంగా వచ్చేవి. పొద్దున్నే కూర్చుని అన్నీ తెరిచేది. ముఖంలో ఏమీ ఉండేది కాదు. నాకు అలాంటి ముఖాలు అలవాటే, నాకే ముఖం లేదు కదా.

రెండేళ్లకు మెయిళ్లన్నీ ఎక్కడో పెద్ద కంపెనీకి అప్పగించారు. నన్ను పాత సామాన్ల కొట్టుకు పంపాలని రాజుగారు నిర్ణయించారు. ఇప్పుడు అక్కడే, ఒక పగిలిన ప్రింటర్ కింద ఉన్నాను.

ఆఫీసులో ఆఖరి రోజు నాకు వచ్చిన చివరి మెయిల్ దోమతెరల ప్రకటన. సగం ధరకే ఇస్తారట. నూకరత్నం దాన్ని మొదటి మాట నుంచి అడుగున ఉన్న ఫోన్ నంబరు దాకా చదివింది. ఇంకేమైనా ఉందేమోనని కిందికి జరిపి చూసింది. అప్పుడు నా స్విచ్ ఆపింది.