కప్పులో బెల్లం

గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగేవాళ్లకు ఒక నమ్మకం ఉంది. షిఫ్టు దిగి రాగానే బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే, ఛాతీలో పడ్డ దుమ్ము దాంతోపాటు కిందికి జారిపోతుందని. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, మల్లక్కకు మాత్రం అది వేదవాక్కు. భర్త గట్టయ్య బొగ్గు ఎత్తే ఫిల్లర్‌గా చేరిన నాటి నుంచి రిటైరయ్యే దాకా, ఆయన చెప్పులు విప్పకముందే ముక్క చేతిలో పెట్టేది. కూర లేని రోజులున్నాయి గాని బెల్లం లేని రోజు ఆ ఇంట్లో లేదు. గట్టయ్యకు తీపంటే గిట్టదు. మొహం చిట్లించుకుంటూనే చప్పరించేవాడు.

ఆ బెల్లం దాచేది కూడా డబ్బాలో కాదు, గనుల ఫస్టెయిడ్ పోటీల్లో గట్టయ్య గెలిచిన ఇత్తడి కప్పులో. షోకుకు పెట్టుకునే కప్పులో బెల్లమేమిటని వాడకట్టు వాళ్లు నవ్వితే, ఉత్తగా దుమ్ము పట్టడం కన్నా నయమే కదా అనేది మల్లక్క. ఒకసారి పక్క క్వార్టర్ లింగమూర్తి మనవరాలికి పల్లిగింజ గొంతులో అడ్డం పడింది. అందరూ నీళ్లు నీళ్లు అని పరుగులు పెడుతుంటే, గట్టయ్య పిల్లను బోర్లా పట్టుకుని వీపు మీద చరిచి గింజ కక్కించాడు. అన్నం పోయే తొవ్వ వేరు, గాలి పోయే తొవ్వ వేరు, గింజ తొవ్వ తప్పిందంతే అని అందరికీ విడమరిచి చెప్పాడు. మల్లక్క ఆ రోజంతా మురిసిపోయింది గాని, ఆ మాట తన బెల్లానికీ తగులుతుందని తట్టలేదు. మురిపెంలో ఉన్నవాళ్లకు చెవులు సగమే పనిచేస్తాయి.

ఇప్పుడు గట్టయ్య దవాఖాన మంచం మీద, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో, దిండ్లకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు. ప్రతి శ్వాసకూ మెడ నరాలు తాళ్లలా లేస్తున్నాయి. మల్లక్క కొంగున బెల్లం ముడివేసుకుని వచ్చింది. ముక్క తుంచి ఆయన నోటి దగ్గర పెట్టబోతుంటే డాక్టరు ప్రసూన చూసి చెయ్యి పట్టుకుంది.

ప్రసూన మంచి పిల్ల. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు గారి కూతురు, ఇక్కడే పెరిగింది. మల్లక్కను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి ఓపిగ్గా చెప్పింది. ఛాతీ కింద ఉండే పల్చని కండరం కిందికి దిగితే ఊపిరితిత్తులు విప్పారి గాలి లోపలికొస్తుందట. గాలిగొట్టం, చెట్టును తలకిందులు చేసినట్టు కొమ్మలుగా రెమ్మలుగా చీలి, చివరికి చిన్నచిన్న గాలితిత్తులవుతుందట. వాటి గోడ ఎంత పల్చనంటే, పక్కనే పారే నెత్తురు దాని గుండానే మంచి గాలిని అందుకుని చెడ్డ గాలిని వదిలేస్తుందట. లావు దుమ్మును దగ్గు బయటికి నెడుతుంది. సన్న దుమ్ము ఆ తిత్తుల దాకా పోయి అక్కడే తిష్ఠ వేస్తుంది. గట్టయ్యకు ఆ గోడలు గట్టిపడిపోయాయి, ఇక మెత్తబడవు.

"మరి బెల్లం?" అని అడిగింది మల్లక్క.

"బెల్లం కడుపులోకి పోతుంది పెద్దమ్మా, ఊపిరితిత్తుల్లోకి పోదు. మింగేటప్పుడు శ్వాస కాసేపు ఆగాలి. ఆ కాసేపు ఆపే శక్తి కూడా ఆయనకిప్పుడు లేదు. మాట్లాడించకండి కూడా. మాట బయటికొచ్చే గాలితోనే కదా పుట్టేది, ఉన్న కాస్త ఊపిరీ అయిపోతుంది."

మల్లక్క బెల్లం ముక్కను మళ్లీ కొంగున ముడివేసుకుంది. దగ్గు మొదలైన కొత్తలో తనేం చేసింది? బెల్లం ముక్కను కాస్త పెద్దది చేసింది, అంతే. మంచం దగ్గరికి వచ్చి ఆయన కాళ్ల మీద తల పెట్టి ఏడ్చింది.

"నిన్ను నేనే సంపుకున్ననయ్యా. బెల్లం పెడుతున్న గద, ఏం గాదనుకున్న."

గట్టయ్య తల అడ్డంగా ఊపాడు. పెదాలు కదిలాయి. మాట్లాడొద్దని ఆమె ఆయన నోటికి చెయ్యి అడ్డం పెడితే, మెల్లగా తీసేశాడు.

"పోయిందే... బెల్లం. కొంచెం కొంచెం... పోయింది లోపటికి. గందుకే... ఇన్నేండ్లు... బతికిన."

మాట మాటకూ డొక్కలు లోపలికి పీక్కుపోయాయి. చెప్పడం పూర్తయ్యేసరికి పెదాలు నీలంగా మారాయి. నర్సు పరుగున వచ్చి ఆక్సిజన్ పెంచింది.

అప్పుడు గుర్తొచ్చింది మల్లక్కకు ఆ పల్లిగింజ. కప్పు గెలిచిన మనిషికి ఏ తొవ్వ ఎటు పోతుందో తెలియదా? అన్నీ తెలిసే, గిట్టని తీపిని ఇన్నేళ్లూ ఆమె కోసమే చప్పరించాడు. ఇప్పుడు తనకే చాలని ఊపిరి తీసి, ఆమె కోసమే ఈ అబద్ధం ఆడాడు. నాకు తెలుసని చెబుదామనుకుంది. చెబితే మళ్లీ మాట్లాడతాడు.

"అవునయ్యా, పోయే ఉంటది," అంది కళ్లు తుడుచుకుని.

గట్టయ్య నిమ్మళంగా కళ్లు మూసుకున్నాడు. పొద్దుగూకక ముందే ఆ ఊపిరి ఆగిపోయింది.

మల్లక్క కొంగు ముడి విప్పి, చిన్న ముక్క తుంచి ఆయన నోట్లో పెట్టింది. ప్రసూన పక్కనే ఉంది. ఈసారి చెయ్యి పట్టుకోలేదు.