మళ్ళీ మేడం పెన్సిలు

లెక్కల టీచరు పొట్టి పెన్సిలు చెక్కి, పొట్టు ఊదేసి, తలుపు వైపు చూసింది. "రామ్మా, తర్వాత ఎవరు?"

ఏటా ఇదే తంతు. చదువులో వెనకబడ్డ చిన్న పిల్లలకి సాయంత్రాలు పాఠం చెప్పడానికి పెద్ద తరగతి పిల్లల్ని ఎంచడం ఆవిడ పని. మార్కులు చూడదు. తానే ఏమీ రాని పిల్లలా నటిస్తూ వాళ్ళచేత పాఠం చెప్పించుకుంటుంది. "మళ్ళీ చెప్పు" అంటూ ప్రాణం తీస్తుంది గనక పిల్లలు మళ్ళీ మేడమని పేరు పెట్టారు. విసుక్కుని పెన్సిలు లాక్కున్నవాళ్ళని పంపించేస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా పెన్సిలు నేర్చుకునేవాళ్ళ చేతిలోనే ఉండనివ్వాలి. చిన్నప్పుడు వాళ్ళక్క ఆవిడకి అలాగే నేర్పింది.

ఈసారి ఆ నటనకే చిక్కొచ్చి పడింది. కొన్నాళ్ళుగా ఆవిడ నిజంగానే మరిచిపోతోంది. మొన్న ఇంటికి వెళ్తూ దారి తప్పింది. ఇక ఉద్యోగం చాలన్నాడు డాక్టరు. ఇవాళే ఆఖరి రోజు. ఇంకొక్కరిని ఎంచాలి. సరైన పిల్ల దొరక్కుండానే వెళ్ళిపోతానేమోనని పొద్దున్నించీ ఆవిడకి ఒకటే బెంగ.

మొదటి ర్యాంకు పిల్ల వచ్చింది. రెండోసారి "మళ్ళీ" అనగానే పెన్సిలు లాక్కుని గబగబా చేసేసి, "ఇంతే మేడం!" అంది.

తర్వాత వచ్చిన పిల్ల పోయినేడు లెక్కల్లో తప్పి, ఈ ఏడు ఎలాగో గట్టెక్కింది. తనలో తాను గొణుక్కోవడం అలవాటు.

"సగానికి మూడో వంతు కలపాలి," అంది టీచరు. "పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ అయిదు. అయిదింట రెండు వంతులు. అంతేగా?"

పిల్ల కాసేపు గొణుక్కుంది. "మీ దగ్గర ముందే సగం ఉంది కదా మేడం. ఇంకాస్త కలిపితే సగం కంటే తగ్గుతుందా?"

టీచరు వస్తున్న నవ్వు ఆపుకుంది. పిల్ల ఒక కాగితం ముక్కని ఆరు భాగాలుగా మడిచి, విప్పి ముందుంచింది. "మీరే గీయండి."

గీయబోయిన చెయ్యి ఆగిపోయింది. అంకెలు ఉత్త గీతల్లా కనిపించాయి. ఈ గదేమిటో, తానిక్కడెందుకుందో తెలియలేదు.

"నాకు... రావట్లేదమ్మా."

పిల్ల నవ్వలేదు. పెన్సిలు ముట్టుకోలేదు. కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుంది. "తొందరేం లేదు మేడం. నేనూ ఇక్కడే ఆగిపోయేదాన్ని. సగమంటే ఎన్ని గళ్ళో వేలుపెట్టి లెక్కపెట్టండి."

మూడు. మూడో వంతుకి రెండు. ఆరింట అయిదు అని తన చేత్తోనే రాసుకునేసరికి ఆవిడకి గది గుర్తొచ్చింది. కళ్ళు తుడుచుకుంది.

హెడ్మాస్టరు ఒప్పుకోలేదు. "ఫస్టొచ్చిన పిల్లని కాదని తప్పినదాన్ని పెడతారా? వాళ్ళ నాన్న నా నెత్తినెక్కి కూర్చుంటాడు."

"కూర్చోనివ్వండి సార్. ఇవాళ నాకు నిజంగానే రాలేదు. ఆ పిల్లే నేర్పింది."

ఆయన ఆవిడ మొహంలోకి చూసి తలూపాడు.

సాయంత్రం గేటు దగ్గర తమ్ముడు కాచుకుని ఉన్నాడు. "ఏ వైపురా మనిల్లు?" అని అడిగింది.

"పదక్కా, నేనున్నాగా," అంటూ చెయ్యి పట్టుకున్నాడు.

లోపల బల్ల మీద పొట్టి పెన్సిలు మిగిలింది, పాఠానికి వచ్చి, టీచరు ఎంచిన పిల్ల పక్కన కూర్చున్న చిన్నపిల్ల చేతికి అందేంత దగ్గర్లో.