మోకాలి ముందున్న నంబరు

మా మామయ్యకి రెండు సంగతులు చెప్పకపోతే రాత్రి ముద్ద దిగేది కాదు. ఒకటి, సైన్యంలో తను గురి చూసిన ఫిరంగి నంబరు. రెండు, ఆ ఫిరంగి దగ్గర తనతో పనిచేసిన ఐదుగురి పేర్లు. ఈయన జ్వరంతో ఆసుపత్రిలో పడున్న రోజున ఆ ఫిరంగి పక్కనే గుండు పడి ఐదుగురూ ఒక్కసారే పోయారట. "నాలుగు, ఒకటి, ఏడు" అని మొదలుపెట్టి పేర్లన్నీ వరసగా అప్పజెప్పేవారు.

ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మర్యాదకి విన్నాను. ఆ తర్వాత విన్నానంటే అబద్ధం, చెవిన పడేది అంతే. మా అత్తయ్య అయితే ఆయన "నాలుగు" అనగానే టీవీ సౌండు పెంచేసేది. మా పిల్లలు ఒక్కచోట మాత్రం చెవులు రిక్కించేవాళ్లు. ఐదుగురిలో ఒకతను కూర్చున్నచోటే కునుకు తీసేవాడట, అసలు పేరు చెప్పాక "మా నిద్రమొహం" అనేవారు మామయ్య. వీళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు.

ఊరి చివర కూడలిలో ఎండకీ వానకీ నిలబడ్డ పాత ఫిరంగిని మ్యూజియం వాళ్లు తీసుకెళ్లారని, అది ఏ దళానిదో తేలుస్తున్నారని, తెలిసినవాళ్లు వచ్చి చెప్పొచ్చని ఒకరోజు పేపర్లో పడింది. మామయ్య ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, గుమ్మంలో నిలబడ్డారు. మా ఆయనకి తీరిక లేదు. నేనే తీసుకెళ్లాను.

మ్యూజియం వెనక పెద్ద రేకుల షెడ్డులో ఉంది ఫిరంగి. అందరూ ఫిరంగుల సార్ అని పిలిచే ఒకాయన దాని గొట్టం వెనక భాగాన్ని బ్రష్షుతో రుద్దుతున్నాడు. మంచి మనిషే, ముందే చెబుతున్నాను. మాకు కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. మామయ్య నంబరు చెప్పి, గుండు పడి ఐదుగురు పోయిన సంగతీ చెప్పారు. సార్ గొట్టం మీద చెక్కిన అంకెల్ని భూతద్దంతో మళ్లీ ఓసారి చూసి తల అడ్డంగా ఊపాడు. అక్కడున్నది వేరే నంబరు, ఒక్క అంకె కూడా కలవలేదు.

"అక్కడ కాదు సార్," అన్నారు మామయ్య. "నేను కూర్చునే సీటు ముందు, మోకాలికి ఎదురుగా ఉండేది. రోజంతా దాన్నే చూసేవాణ్ని."

సీటు ముందు రంగు మీద రంగు వేసి అట్టలు కట్టి ఉంది. నంబరూ లేదు, గింబరూ లేదు. గొట్టం నంబరే ఫిరంగి నంబరని, ఏ దేశంలోనైనా లెక్క అంతేనని సార్ ఓపిగ్గా చెప్పాడు. మామయ్య ఇంకా ఏదో అనబోతే భుజం మీద చెయ్యి వేశాడు.

"వయసు మీద పడ్డాక అంకెలు అటూ ఇటూ అవుతాయి పెద్దాయనా. మా నాన్నకీ అంతే."

ఆ మాట ప్రేమగానే అన్నాడు. తిట్టినా బాగుండేది, మామయ్య తిరగబడేవారు. వచ్చేముందు ఆ సీటులో ఒక్కసారి కూర్చుంటారా అని నేను అడిగితే, పరాయివాళ్ల సీటు మనకెందుకమ్మా అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నంబరు లేదు, పేర్లు లేవు. మర్నాడూ లేవు. పీడా పోయిందని అత్తయ్య నవ్వింది. కొన్నాళ్లకి ఆ నవ్వూ పోయింది. ఉండబట్టలేక నేనే కదిపాను, ఏం మామయ్యా, మీ వాళ్లని మర్చిపోయారా అని. ఆయన కంచంలో చెయ్యి ఆపేశారు.

"నంబరే తప్పు చెబుతున్నానంటే, పేర్లు సరిగ్గా చెబుతున్నానని నమ్మకమేంటమ్మా? పోయినవాళ్లకి నా నోటికొచ్చిన పేర్లు అంటగట్టకూడదు."

చెప్పండి మామయ్యా, వింటాను అన్నాను నేను. ఆయన చెయ్యి కడిగేసుకుని లేచారు. చలికాలం రాకముందే పోయారు.

ఆయన పోయాక వచ్చిన వేసవిలో ఫిరంగుల సార్ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గోడ మీద దండ వేసిన ఫొటో చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. లోపలికి రమ్మని రెండుసార్లు పిలవాల్సి వచ్చింది.

కొత్తగా రంగు వేయడానికి ఫిరంగి బండిని, అంటే గొట్టాన్నీ సీటునీ మోసే చక్రాల చట్రాన్ని, మొత్తం గీకించారట. సీటు ముందు, మోకాలికి ఎదురుగా, ఇనుములోకి దిగిన అంకెలు బయటపడ్డాయి. నాలుగు, ఒకటి, ఏడు. గుండు పడిన రోజు గొట్టం పాడైపోయి ఉంటుందని, అదే బండికి వేరే గొట్టం బిగించి ఉంటారని అన్నాడు.

"ఇలా గొట్టాలు మారుస్తారని నాకు తెలుసమ్మా. పుస్తకాల్లో నేనే రాశాను. అయినా ముందు గొట్టమే చూస్తాం, అది అలవాటు. మనిషి కూర్చునేది బండి మీద కదా, ఆయన చూసేది బండి నంబరే కదా అని ఆ రోజు తట్టలేదు. తప్పు నాదే."

నాకు ఒళ్లు మండింది. ఈ తప్పేదో ఆయన చెవిన వేయాల్సింది, ఫొటోకి చెబితే ఏం లాభం అని అడుగుదామనుకున్నాను. సార్ మొహం చూసి ఊరుకున్నాను. అడగడానికి నాకు మాత్రం ఏం మొహం ఉంది?

ఫిరంగి పక్కన బోర్డు పెడుతున్నామని, మామయ్య పేరుతో పాటు ఆ ఐదుగురి పేర్లూ రాయిస్తామని అన్నాడు. ఆ దళం కాగితాలు ఎప్పుడో తగలబడిపోయాయట, పేర్లు మా దగ్గరే దొరకాలట. జేబులోంచి పెన్ను తీశాడు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన పిల్లల వైపు చూశాడు. ఎన్ని రాత్రులు విన్న పేర్లు, ఒక్కటంటే ఒక్కటి నోటికి రాలేదు. అత్తయ్య లేచి, మోగుతున్న టీవీ ఆపేసి, వచ్చి కూర్చుంది.

"నిద్రమొహం," అంది.

సార్ పెన్ను ఆపి, అసలు పేరేంటమ్మా అని అడిగాడు.

"అదీ రోజూ చెప్పేవారు బాబూ," అంది అత్తయ్య.