వెలిసిపోయే అక్షరాలు

డిపో గేటు దగ్గరి స్తంభానికి బూడిద రంగు వేసి నెలైంది. దాన్ని బస్సుతో గీకినవాడు ఇరవై ఆరేళ్ల సర్వీసున్న డ్రైవరు. పొద్దున ఆరు గంటలు, మంచు పడుతోంది. స్తంభం కనబడలేదని అతను చెప్పాడు. మేనేజరు నమ్మలేదు.

"మొన్న డిపో చూపు పరీక్షలో గోడ మీది అక్షరాల అట్ట చివరి వరుస దాకా గడగడా చదివారట. మీకు స్తంభం కనబడలేదా? సరే, కళ్లాసుపత్రి నుంచి కాగితం తెండి. చూపు బాగుందంటే మందలించి వదిలేస్తా. సోమవారం బండెక్కండి."

డ్రైవరు భార్య చెల్లెలు ఆసుపత్రిలో చూపు పరీక్షలు చేస్తుంది. ఆమె టాబ్లెట్‌ను స్టాండుకు బిగించింది. స్టాండుకు కట్టి ఉన్న మీటరు తాడు కొసను బావ నుదుటికి ఆనించింది. దూరం సరిపోయింది.

"ఏంటిది, కట్టేస్తావా?"

"మా అక్క కట్టేసింది చాల్లేదా బావా? కదలకు. ఇందులో అక్షరాలు చిన్నవి కావు. నల్లగా మొదలై వెలిసిపోతూ ఉంటాయి. ఎక్కడిదాకా పట్టుకుంటావో చూస్తా."

అతను చదివాడు. ఐదో వరుసలో ఆగాడు. కాసేపటికి మళ్లీ అందుకుని తొమ్మిది దాటించాడు.

"పాసైపోయావు. వెళ్లి అక్కకి చెప్పు, సోమవారం నుంచి ఇంట్లో నీ గోల ఉండదని."

ఆమె రాసిచ్చిన కాగితం అతను తీసుకోలేదు.

"ఐదో వరుసలో నాకేం కనబడలేదు. మబ్బు తొలగి కిటికీలోంచి ఎండ పడగానే కనబడింది. ఎండొస్తే నా కళ్లు బాగయ్యాయా, నీ పలక వెలుగు పెంచుకుందా?"

ఆమె సెట్టింగ్స్ తెరిచింది. పరీక్ష జరిగినంతసేపూ తెర వెలుగు మారకూడదు. పొద్దున టాబ్లెట్ అప్‌డేట్ అయినప్పుడు ఆటో బ్రైట్‌నెస్ మళ్లీ ఆన్ అయింది. రోజూ తెర తుడుస్తుంది, తాడు కొలుస్తుంది. ఇవాళ అది మాత్రం చూసుకోలేదు.

"తప్పు నాదే. మళ్లీ చెయ్యాల్సిందే. కానీ బావా, ఈసారి తక్కువొస్తే సోమవారం బండి..."

"నా వెనకాల నలభై మంది కూర్చుంటారు. కర్టెన్ వెయ్యి."

నాలుగో వరుస తర్వాత అతను ఒక్క అక్షరమూ చెప్పలేకపోయాడు. డాక్టరు లైటు వేసి చూసి, రెండు కళ్లలోనూ శుక్లం మొదలైందన్నాడు. ఆపరేషన్ చేస్తే మళ్లీ బండి నడపొచ్చన్నాడు.

సోమవారం డాక్టరు రాసిన కాగితం మేనేజరు బల్ల మీదికి చేరింది.

"మీ అంతట మీరే దిగిపోతున్నారా?"

"దిగిపోవడం కాదు సార్. చూపు బాగుచేయించుకుని వస్తా. నా రూటు ఎవరికీ రాసెయ్యకండి."

రెండు ఆపరేషన్లూ అయ్యాక, మూడో నెలలో అతను మళ్లీ ఆ గదికి వచ్చాడు. కర్టెన్ తనే వేశాడు. కూర్చుని తాడు కొస తనే నుదుటికి ఆనించుకున్నాడు.

"ముందు ఆ ఆటో బ్రైట్‌నెస్ చూడు."

"చూశాను మహానుభావా. పొద్దున్నుంచి మూడుసార్లు చూశాను. ఆఫ్‌లోనే ఉంది."

"నాకు చూపించు."

ఆమె చూపించింది. అతను చదవడం మొదలుపెట్టాడు. ఐదో వరుస దగ్గర ఆమె కర్టెన్ వైపు తిరిగి చూసింది. మూసే ఉంది. అతను ఆరో వరుస చదువుతున్నాడు.